విచారణ నేర్వని న్యాయవిద్య

పుట్టుకతో చూపులేని ఒక దళిత యువతిపై 2011 మార్చి 31న ఆంధ్రప్రదేశ్‌లో లైంగికదాడి జరిగింది. నిందితుణ్ని ఆమె గొంతునుబట్టి గుర్తుపట్టింది. పటాన్ జమాల్ వలీ కేసుగా పేరుపడిన ఆ అప్పీలులో సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్ 27న తీర్పు చెప్పింది. లైంగికదాడికి పడిన యావజ్జీవ శిక్షను ఖాయం చేసి, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పడిన శిక్షను మాత్రం రద్దు చేసింది. కులం, స్త్రీత్వం, వైకల్యం ఒకే మనిషి మీద కలిసి ఎలా విరుచుకుపడతాయో విపులంగా రాసిన ఆ ధర్మాసనానికే, కులం కారణంగా నేరం జరిగిందని చూపే విడి సాక్ష్యం రికార్డులో కనిపించలేదు.

ఆ లోటు ఢిల్లీలో ఏర్పడినది కాదు. విచారణ కోర్టులో అడగని ప్రశ్నకు జవాబును పైకోర్టు ఊహించి రాసుకోలేదు. 2016 జనవరి 26 నుంచి అమలైన సవరణ తర్వాత, బాధితుల కులం నిందితుడికి తెలిసి ఉంటే చాలు కదా అనవచ్చు. బాధిత కుటుంబంతో పరిచయం ఉంటే కులం తెలుసనే కోర్టు భావించాలని కూడా చట్టంలో ఉంది. ఆ పరిచయాన్నయినా ఎవరో ఒకరు సాక్షి నోటి నుంచి రాబట్టాలి. ఆ పని మన న్యాయవిద్య నేర్పుతున్నదా?

బార్ కౌన్సిల్ 2008 నిబంధనల్లో ఇందుకు సంబంధించిన పేపరుకు 100 మార్కులు. మూడు మూట్ కోర్టులకు 30, రెండు కేసుల విచారణ చూసి రాసినందుకు 30, కక్షిదారుతో మాట్లాడటం, ముందస్తు సన్నాహాలు, ఇంటర్న్‌షిప్ డైరీకి 30, మౌఖిక పరీక్షకు 10. సాక్షిని నిలబెట్టి ఒక్క ప్రశ్న అడగకుండానే పట్టా చేతికి వస్తుంది. మూట్ కోర్టులో వాస్తవాలు ముందే అచ్చయి ఉంటాయి, వాదమంతా చట్టం మీదే. అక్కడ ఇంగ్లీషు ధారాళంగా వచ్చినవారిదే రాజ్యం. ఊరి నుంచి వచ్చిన మొదటి తరం విద్యార్థి వెనక బెంచీలో నోట్సు రాసుకుంటూ ఉంటాడు.

కొంతకాలంగా ఉస్మానియా క్యాంపస్ హాస్టళ్లలో, తార్నాక అద్దెగదుల్లో ఉండే న్యాయవిద్యార్థులతో సెలవు రోజుల్లో నమూనా విచారణలు చేయిస్తున్నాను. ఇక్కడ వరస తిరగబడుతుంది. సాక్షి తెలుగులో మాట్లాడుతుంది. ‘నిన్ను కులం పేరుతో తిట్టాడు కదా?’ అని చీఫ్‌లో అడిగితే అవతలి పక్షం వెంటనే లేస్తుంది, అది జవాబు అందించే ప్రశ్న. ‘ఏమన్నాడు?’ అనే అడగాలి. అప్పుడు సాక్షి తలవంచుకుంటుంది. ఆ మాటను నలుగురిలో మళ్లీ పలకడమంటే ఆ అవమానాన్ని రెండోసారి పడటమే. పలకకపోతే రికార్డులో ‘కులం పేరుతో దూషించాడు’ అన్న పొడి వాక్యం మిగులుతుంది, డిఫెన్స్‌కు అంతకంటే కావలసిందేముంది? ఆ మాట ఎందుకు అవసరమో సాక్షికి ముందుగానే చెప్పి, ఆమె పలికేదాకా ఓపికగా నిలబడటం ఏ పాఠ్యపుస్తకంలోనూ నేను చూడలేదు. సాక్షి పాత్ర వేసిన అమ్మాయిని ఒక హాస్టల్ విద్యార్థి చాలా మామూలుగా అడిగాడు: ‘మీ ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య ఏముంది?’ ‘చెరువు కట్ట. అవతల ఊరు, ఇవతల మా వాడ.’ కులం పేరెత్తకుండానే కులం రికార్డుకెక్కింది. నగరంలో పెరిగిన విద్యార్థులకు ఆ ప్రశ్న తట్టకపోవడంలో వింతేమీ లేదు.

క్రాస్ ఇంకా కఠినం. పోలీసులకు చెప్పినదానికీ కోర్టులో చెప్పినదానికీ తేడా చూపడానికి పాత సాక్ష్య చట్టం 145, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియం 148 సెక్షను వాడతారు. అసలు ఆ స్టేట్‌మెంటు రాసింది పోలీసు, సాక్షి కాదు. అయినా అందులోని ప్రతి లోపానికీ బోనులో నిలబడి జవాబు చెప్పుకోవలసింది కూలి మనిషే.

చుండూరును చూడండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. బాధితుల పట్టుదలతో ఊళ్లోనే ప్రత్యేక కోర్టు నడిచింది. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడ్డాయి. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులన్నది. ఆ తీర్పుపై నాకు తీవ్ర అభ్యంతరం ఉంది. పదహారేళ్లు నిలబడిన సాక్షుల మాటను త్రాసులో తూచిన తీరు అన్యాయమనే నా అభిప్రాయం. కారంచేడు తర్వాత ప్రభుత్వ న్యాయవాది పదవిని వదులుకున్న బొజ్జా తారకం వంటివారు కోర్టులోనూ, వీధిలోనూ చేసిన పోరాటాన్ని కొనసాగించాలంటే, సభల్లో ఆయన ఫొటోకు దండ వేస్తే సరిపోదు. సాక్ష్యాన్ని రాయికట్టులా కట్టగల యువ న్యాయవాదులు పుట్టుకురావాలి.

జమాల్ వలీ తీర్పులోనే, హింసలోని ఈ బహుముఖ స్వభావాన్ని ఎల్‌ఎల్‌బీ పాఠ్యాంశంగా చేర్చే విషయం బార్ కౌన్సిల్ పరిశీలించవచ్చునని సుప్రీంకోర్టు సూచించింది. దానికి నమూనా విచారణను తప్పనిసరి చేయడం జతకావాలి. అట్రాసిటీ చట్టం 15ఎ సెక్షను కింద బాధితులు న్యాయవాదుల, సామాజిక కార్యకర్తల సాయం తీసుకోవచ్చు. విద్యార్థులు ప్రత్యేక కోర్టులకు వెళ్లి, వాయిదాకు వచ్చిన సాక్షుల పక్కన కూర్చోవడానికి కొత్త జీవో ఏదీ అక్కరలేదు. మా బృందం ఇప్పుడు అత్యాచారాల కేసుల తీర్పులు ముందేసుకుని, ప్రతి సాక్షినీ ఏయే ప్రశ్నలు అడగలేదో జాబితా రాస్తోంది.