పిక్కలు కొట్టే చేతికి విశ్రాంతి హక్కు

పలాస జీడి పరిశ్రమలో పిక్కలు కొట్టే దళిత మహిళకు కూలి తెచ్చేది చెయ్యే. రొమ్ము క్యాన్సర్‌కు రొమ్ము తీసేసి, అదే ఆపరేషన్‌లో ఇంప్లాంట్ పెడితే ఆ చేతికి విశ్రాంతి కావాలి. నీరు తీసే గొట్టాలు ఒకటి రెండు వారాలుంటాయి. డాక్టరు చెప్పిన వ్యాయామాలు చేయాలి, కానీ సుమారు ఆరు వారాలు బరువులెత్తకూడదు. ఎరుపు, వాపు, జ్వరం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కిడ్నీ జబ్బులున్న ఉద్దానంలో డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు సొంతంగా వాడటం ప్రమాదం.

మరి ఆ వారాల కూలి? పదిమంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ఫ్యాక్టరీకి ఈఎస్ఐ వర్తిస్తుంది. అర్హత ఉంటే ఏడాదికి 91 రోజులు వేతనంలో 70 శాతం వస్తుంది. రెండేళ్ల సర్వీసున్న క్యాన్సర్ రోగికి ఆ తర్వాత 80 శాతం చొప్పున రెండేళ్ల వరకూ ఇస్తారు. రికార్డులో పేరు లేకపోతే ఇవి దక్కడం కష్టం. అందుకే జబ్బు రాకముందే ప్రతి కార్మికురాలి ఈఎస్ఐ నంబరు అడగాలి.