సామాన్య ప్రజలనే గురిచూచుట యేల?

ఆయుధము పట్టనివానిని చంపుట అధర్మమని లోకమంతయు ఒప్పుకొనును. అట్టివారినే వెదకి చంపు ముఠాలు నేటికిని కలవు. ఇది ఉన్మాదమని త్రోసివేయుట సులభము. కాని అల్జీరియా చరిత్రను పరిశీలించినచో, ఇట్టి క్రౌర్యము వెనుక ఎంత నిదానమైన లెక్క ఉండగలదో తెలియును.

ఫ్రెంచివారి పాలనలోనున్న ఆ దేశమున 1954 నవంబరు 1వ తేదీన జాతీయ విమోచన ఫ్రంటు తిరుగుబాటు ప్రారంభించెను. తొలి నెలలలో అది కొద్దిమంది సాయుధుల పోరాటము మాత్రమే. ప్రజలలో అధికులు ఎటును చేరక వేచిచూచుచుండిరి. తిరుగుబాటుదారులకు శత్రుసైన్యము కంటె ఈ వేచిచూచువారే పెద్ద చిక్కు.

1955 ఆగస్టు 20వ తేదీన ఫిలిప్‌విల్ (నేటి స్కిక్డా) పరిసరములలో గుంపులు కత్తులతోను గొడ్డళ్ళతోను ఇండ్లపై బడి, స్త్రీలనక పిల్లలనక నరికినవి. 123 మంది మరణించిరి. వారిలో 71 మంది ఐరోపా సంతతివారు. పిమ్మట సైన్యము పగ తీర్చుకొనినది. ఫ్రెంచి ప్రభుత్వపు లెక్క ప్రకారమే 1,273 మంది హతులైరి. ఫ్రంటు లెక్క 12,000. ఈ రెండింటిలో ఏది నిజమైనను, ఆ పగకు బలియైనవారిలో ఏ పాపము నెరుగని పల్లెప్రజలు ఎందరో కలరు.

ఇచ్చట గమనింపుడు. ఆ ప్రతీకారమే దాడికి ఫలము. తమ్ముని పోగొట్టుకొనిన రైతు ఇక వేచిచూడడు. సంస్కరణలు తలపెట్టిన గవర్నరు జనరల్ జాక్ సూస్టెల్ ఆ శవములను చూచిన తరువాత కఠినుడయ్యెను. మితవాది ఫర్హత్ అబ్బాస్ సోదరుని కుమారుడు ఆ రోజులలో ఫ్రంటువారి చేతనే హతుడయ్యెను. అయినను 1956 ఏప్రిలులో అబ్బాస్ కైరోలో ఆ ఫ్రంటులోనే చేరెను. నడిమిదారి మూసికొనిపోయినది.

ఆ దారిని నిలుపదలచినవారు లేకపోలేదు. అల్జీరియాలో పుట్టిన రచయిత ఆల్బేర్ కామూ 1956 జనవరి 22వ తేదీన అల్జీర్సు నగరమున సభ జరిపి, యుద్ధము ఆగకున్నను ఇరుపక్షములును సామాన్యులను మాత్రము విడిచిపెట్టవలెనని వేడుకొనెను. అడిగినది ఎంత స్వల్పము! సభ వెలుపల ఐరోపావారి గుంపు ఆయనను చంపుడని కేకలు వేసినది.

ఆ ఆగస్టులో ఐరోపా తీవ్రవాదులు కస్బా పేటలోని ఇండ్లమధ్య బాంబు ప్రేల్చిరి. దానికి బదులుగా సెప్టెంబరు 30, ఆదివారమున, ఫ్రంటువారు మిల్క్ బార్ అను ఐస్‌క్రీము అంగడిలో, తల్లిదండ్రులు పిల్లలతో కూర్చుండు వేళ, బాంబు ప్రేల్చిరి. కొండలోయలో పదిమంది సైనికులు కూలిన వార్త ఎవరికిని పట్టదు; నగర మధ్యమున ప్రేలుడు జరిగినచో ప్రపంచములోని రేడియోలన్నియు పలుకును. వార్తలు చదువు మావంటివారికి ఇది వినుట కష్టమే, కాని నిజము. పైగా సైనికునికి తుపాకి కలదు, కావలి కలదు. ఐస్‌క్రీము తిను బిడ్డకు ఏమి కలదు?

స్వాతంత్ర్యము 1962 జూలైలో వచ్చినది. బాంబులే దానిని తెచ్చినవని వాదించువారు మరియొక సంగతిని చూడవలెను. స్వాతంత్ర్యమును ఆపుటకై 1961లో ఏర్పడిన ఐరోపావారి రహస్య సైన్య సంస్థయు అదే పద్ధతిని అవలంబించి, ముస్లిములను వీధులలో కాల్చినది, బాంబులు పెట్టినది. ఎవరి పక్షమున అది పోరాడినదో ఆ ఐరోపావారికి పొరుగువారితో కలసి బ్రతుకు అవకాశము లేకుండ పోయినది. ఆ ఒక్క సంవత్సరములోనే వారిలో ఆరు లక్షలకు పైబడినవారు, చేతికందిన పెట్టెలతో, పుట్టిన గడ్డను విడిచి ఫ్రాన్సుకు తరలిపోయిరి.