బండి స్టార్టు కానప్పుడు

మస్కి చుట్టుపట్ల తుంగభద్ర ఎడమకాలువ క్రింది క్యాంపులలో పాత పికప్ బండ్లు గల తలిదండ్రులకు ఈ నాలుగు మాటలు.

ఉదయమున బండి స్టార్టు కానిచో మొదట చెవియొగ్గి వినవలెను. 'టిక్కు'మని ఊరకుండినచో దోషము తరచుగా బ్యాటరీయందో, చిలుముపట్టిన దాని కొనలయందో యుండును. నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. దీపములు చక్కగా వెలుగుచున్నను స్టార్టరు పలుకనిచో, ఆటోమేటిక్ గేరుబండియందు మీటను 'పి' నుండి 'ఎన్'లోనికి మార్చి యత్నింపవలెను; అప్పుడు పలికినచో గేరు స్విచ్చిని సరిచేయింపవలెను. స్టార్టరు తిరుగుచున్నను ఇంజను అంటుకొననిచో డీజిలు గొట్టములలో గాలి చేరెనేమో పరీక్షింపవలెను.

ఆటోమేటిక్ బండి త్రోసినను స్టార్టు కాదు. ఇంజను తిరుగనిదే గేరుపెట్టెలోని నూనెపంపు పనిచేయదు. ఏ బండినైనను బిడ్డలచే త్రోయింపవలదని మా విన్నపము. బడికి ఆలస్యమైనను మేము సహింతుము, ప్రమాదమును సహింపజాలము.