ఆస్ట్రేలియాలో ఇంటి కాపలాకి షాట్‌గన్ కొనొచ్చా? రేంజ్‌కి వెళ్లొచ్చాక నాకు అర్థమైంది

గత నెల డాలస్ నుంచి మా పిన్ని కొడుకు ఒక వీడియో పంపాడు. కొత్తగా కొన్న పంప్ యాక్షన్ షాట్‌గన్‌ని రేంజ్‌లో మొదటిసారి పేల్చి చూస్తున్నాడు. ఐదు రౌండ్లు కాల్చి, కాగితం బొమ్మకి పడ్డ చిల్లులు కెమెరాకి చూపించి, "అక్కా, ఇక రాత్రిళ్లు నిశ్చింతగా పడుకుంటాం. బావగారిని కూడా ఒకటి తీసుకోమను" అన్నాడు.

మామూలుగా అయితే నవ్వి ఊరుకునేదాన్ని. కానీ సరిగ్గా అదే వారం సన్నీబ్యాంక్‌లో మా వీధి చివర ఒక తెలుగువాళ్ల ఇంట్లో దొంగలు పడ్డారు. శనివారం సాయంత్రం వాళ్లు సౌత్ మెక్‌లీన్‌లోని సెల్వ వినాయకర్ గుడికి వెళ్లొచ్చేసరికి వెనకవైపు స్లైడింగ్ డోర్ తెరిచి ఉంది. చీరల మడతల మధ్య దాచిన నగలన్నీ పోయాయి. ఆవిడ అమ్మగారు పెట్టిన కాసులపేరు కూడా అందులోనే ఉంది. ఆ తర్వాత నాలుగు రాత్రులు మా ఇంట్లో ఎవరం సరిగ్గా నిద్రపోలేదు. 2022 బాక్సింగ్ డే రాత్రి నార్త్ లేక్స్‌లో ఇంట్లోకి చొరబడ్డ కుర్రాళ్ల కత్తిపోటుకి ఒక తల్లి చనిపోయిన సంగతి బ్రిస్బేన్‌లో ఎవరూ మరిచిపోలేదు. అందుకే మా వారు డాలస్ వీడియో మళ్లీ చూసి "నిజంగానే ఒకటి తీసుకుందామా?" అని అడిగితే నేను కొట్టిపారేయలేకపోయాను. ఎప్పుడో చదివిన బీఎస్సీ ఫిజిక్స్ ఇలాంటప్పుడైనా పనికొస్తుందేమోనని, "నేను కనుక్కుని చెప్తాను, ఆగండి" అన్నాను.

సూటి జవాబు ముందే చెప్పేస్తాను. ఇంటి రక్షణ కోసం అని రాస్తే ఆస్ట్రేలియాలో తుపాకీ లైసెన్స్ ఇవ్వరు. 1996 ఏప్రిల్ 28న టాస్మేనియాలోని పోర్ట్ ఆర్థర్‌లో ఒక దుండగుడు 35 మందిని కాల్చి చంపాడు. పన్నెండు రోజుల్లో, మే 10న, అప్పటి ప్రధాని జాన్ హోవార్డ్ ప్రభుత్వం రాష్ట్రాలన్నిటితో జాతీయ తుపాకుల ఒప్పందం కుదుర్చుకుంది. జనం దగ్గర ఉన్న సుమారు ఆరున్నర లక్షల తుపాకుల్ని డబ్బిచ్చి తీసుకుని ధ్వంసం చేశారు. లైసెన్స్ కావాలంటే 'సరైన కారణం' చూపించాలని, ఆత్మరక్షణ ఆ కారణాల్లోకి రాదని ఆ ఒప్పందంలోనే స్పష్టంగా రాశారు. క్వీన్స్‌లాండ్‌లో 1990 నాటి వెపన్స్ యాక్ట్ ప్రకారం చెల్లే కారణాలు టార్గెట్ షూటింగ్, వేట, వ్యవసాయం లాంటి వృత్తి అవసరం, పాత ఆయుధాల సేకరణ, ఇలాంటివి. 'దొంగల భయం' ఆ వరసలో ఎక్కడా కనబడదు.

కారణం సరైనదే అయినా సేఫ్టీ కోర్సు పాసవ్వాలి, పోలీసులు మన చరిత్ర చూడాలి, ఆ తర్వాత ప్రతి తుపాకీకీ విడిగా కొనుగోలు పర్మిట్ తీసుకోవాలి. మొదటి తుపాకీకి కనీసం 28 రోజులు ఆగాలన్నది కూడా 1996 ఒప్పందంలోని మాటే. మా తమ్ముడు కొన్నలాంటి పంప్ యాక్షన్ షాట్‌గన్ ఇక్కడ కేటగిరీ సి. చాలావరకు రైతులకే, అదీ కట్టుదిట్టమైన షరతులతో. మామూలు మనిషి లైసెన్స్‌తో దొరికేది కేటగిరీ ఎ లోని ఒంటి గొట్టం, జంట గొట్టాల తుపాకీలే.

ఇది చదివి మా వారు, "మరి మన దేశంలో మీ తాతగారికి ఉండేది కదా?" అన్నారు. ఉండేది. పొలం మీదకి అడవి పందులు వస్తాయని డబుల్ బ్యారెల్ 12 బోర్ తుపాకీ. ఎన్నికలొస్తే దాన్ని గోనెసంచిలో చుట్టి పోలీస్ స్టేషన్‌లో అప్పగించి వచ్చేవాడు, అమ్మమ్మకి ఆ నెలరోజులే ప్రశాంతం. విచిత్రమేంటంటే మన 1959 ఆయుధాల చట్టం ఈ విషయంలో ఆస్ట్రేలియాకి పూర్తిగా వ్యతిరేకం. గొట్టం ఇరవై అంగుళాలకి తక్కువ కాని నున్నటి గొట్టపు తుపాకీకి రక్షణ కోసం లైసెన్స్ ఇవ్వొచ్చని అందులోనే ఉంది. మనం ఒక దేశం అలవాటుతో ఇంకో దేశంలో ఆలోచిస్తాం, చిక్కంతా అక్కడే.

కొనలేకపోయినా పేల్చి చూడటానికి అడ్డు లేదు. క్వీన్స్‌లాండ్‌లో లైసెన్స్ లేనివాళ్లు కూడా ఆమోదం పొందిన రేంజ్‌లో, శిక్షకుడి పర్యవేక్షణలో షూటింగ్ చేయొచ్చు. ఫోటో ఐడీ చూపించి, గృహహింస ఉత్తర్వుల్లాంటివేవీ మన మీద లేవని డిక్లరేషన్ రాసి సంతకం చేస్తే చాలు. మాకు ఇరవై నిమిషాల దూరంలోనే బెల్మాంట్ షూటింగ్ కాంప్లెక్స్ ఉంది. 1982 కామన్వెల్త్ క్రీడల షూటింగ్ పోటీలు, మళ్లీ 2018 గోల్డ్‌కోస్ట్ క్రీడలవీ అక్కడే జరిగాయి. 2018లో శ్రేయసీ సింగ్ డబుల్ ట్రాప్‌లో మన దేశానికి స్వర్ణం తెచ్చింది ఆ మైదానంలోనే. ట్రాప్ అంటే గాల్లోకి విసిరిన మట్టి పళ్లేన్ని షాట్‌గన్‌తో కొట్టే ఆట. మన హైదరాబాదీ కైనన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌లో ఆడింది ఇదే.

ఒక ఆదివారం పొద్దున్న పిల్లల్ని స్నేహితుల ఇంట్లో వదిలి ఇద్దరం వెళ్లాం. మాకు నేర్పినావిడకి అరవై దాటి ఉంటాయి. మొదటి అరగంట తుపాకీ చేతికే ఇవ్వలేదు. గొట్టం ఎప్పుడూ మనుషుల వైపు తిరక్కూడదు, గురి చూసేదాకా వేలు ట్రిగ్గర్ మీదకి రాకూడదు, కాల్చడం అవగానే మధ్యలో విరిచి తెరిచి ఖాళీ అని చూపించాలి. ఇవే మళ్లీ మళ్లీ చెప్పించారు. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పినట్టే అనిపించింది.

చేతికిచ్చింది గొట్టాలు ఒకదానిమీద ఒకటి ఉండే 12 బోర్. ఈ 12 ఏమిటని నాకు ఎప్పటినుంచో సందేహం. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా చేస్తే ఒక్కో గుండు వ్యాసం ఎంతో గొట్టం లోపలి వెడల్పు అంత. లెక్క వేస్తే 18.5 మిల్లీమీటర్లు వస్తుంది. అందుకే బోర్ అంకె తగ్గేకొద్దీ గొట్టం పెద్దదవుతుంది.

మొదటి దెబ్బకి భుజం అదిరింది. తుపాకీ బరువు మూడున్నర కిలోలు. అందులోంచి 24 గ్రాముల గుళ్లు, సెకనుకి సుమారు 400 మీటర్ల వేగంతో ముందుకి వెళ్తాయి. న్యూటన్ గారి మూడో సూత్రం ప్రకారం తుపాకీ వెనక్కి రావాలి. మందు వాయువుల్ని కూడా కలిపి ఇంటికొచ్చి లెక్కగడితే సెకనుకి మూడున్నర మీటర్ల వేగం, అంటే దాదాపు 20 జౌళ్ల శక్తి వచ్చింది. మూడున్నర కిలోల బియ్యం సంచి అరవై సెంటీమీటర్ల ఎత్తు నుంచి భుజం మీద పడ్డట్టు. ఇది ఆటకి వాడే తేలిక తూటా సంగతి. ఇంటి రక్షణకని అమెరికాలో వాడే బక్‌షాట్ అయితే ఇంకో సగం కలుపుకోండి. శబ్దం 150 డెసిబెల్స్ పైనే. చెవులకి మఫ్స్ పెట్టుకున్నా గుండెలో తగిలింది. రాత్రి రెండింటికి నాలుగు గోడల మధ్య, చెవులకి ఏమీ లేకుండా, పక్కన పిల్లలుండగా అదే శబ్దం ఊహించుకోండి.

ఇరవై ఐదు పళ్లేల్లో నేను కొట్టింది నాలుగు. మా వారు మూడు. ఈ విషయం ఆయన ఎక్కడా చెప్పొద్దన్నారు.

గుళ్లు విచ్చుకుంటాయి కాబట్టి షాట్‌గన్‌కి గురి అక్కర్లేదని సినిమాలు చూసి అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. ఆ చిన్న తూటాలో రెండున్నర మిల్లీమీటర్లు కూడా లేని గుళ్లు సుమారు మూడొందలుంటాయి. దూరంలో మట్టి పళ్లెం దగ్గరికి చేరేసరికి అవి బాగానే విచ్చుకుంటాయి. కానీ మన ఇళ్లలో హాలు నుంచి బెడ్‌రూమ్‌కి ఉండే దూరం ఐదారు మీటర్లు. ఆ దూరంలో గుళ్లన్నీ కలిసి అరచేయంత మేరలోనే పడతాయి. అంటే చీకట్లో, నిద్రమత్తులో, చేతులు వణుకుతూ కూడా కచ్చితంగా గురి పెట్టాల్సిందే. తప్పితే? మన ఇళ్ల లోపలి గోడలు చెక్క ఫ్రేముకి అటూ ఇటూ కొట్టిన పది మిల్లీమీటర్ల జిప్రాక్ పలకలు. బక్‌షాట్ గుళ్లకి అవి ఒక లెక్కా? ఒకటి కాదు, వరసగా రెండు మూడు గోడలు దాటగలవు. మా హాలు గోడ అవతల మా చిన్నది పడుకుంటుంది. నాకు అసలు నిర్ణయం అయిపోయింది అక్కడే, చట్టం దగ్గర కాదు.

ఇంకో మాట. వేటకి వెళ్లే తెలుగు మిత్రుడొకరికి ఇక్కడ లైసెన్స్ ఉంది. తుపాకీని ఖాళీ చేసి, బోల్ట్ తీసి లేదా మధ్యలో విరిచి, తాళం వేసిన పెట్టెలో పెట్టాలన్నది చట్టం. ఆ పెట్టె తేలికదైతే నేలకో గోడకో బిగించాలి. ఆయనది గ్యారేజీలో ఉంది. "దొంగొస్తే ఎంతసేపట్లో తీస్తారన్నయ్యా?" అని అడిగితే, "పట్టపగలు, తాళంచెవి ఎక్కడుందో గుర్తుంటే రెండు నిమిషాలమ్మా. ఈలోగా వాడు టీ తాగి వెళ్తాడు" అన్నారు.

అలాగని చట్టం మనల్ని చేతులు కట్టుకుని కూర్చోమనలేదు. నేను లాయర్‌ని కాను, కానీ క్వీన్స్‌లాండ్ క్రిమినల్ కోడ్ 267వ సెక్షన్ చదివాను. ఇంట్లోకి అక్రమంగా చొరబడేవాడు తీవ్రమైన నేరం చేసే ఉద్దేశంతో వస్తున్నాడని నమ్మడానికి తగిన ఆధారం ఉండి, అవసరమైతే, ఆపడానికి బలం ప్రయోగించే హక్కు ఇంట్లోవాళ్లకి ఉంది. హక్కు ఉంది, దానికోసం ముందే ఆయుధం కొనే అనుమతి లేదు. పెప్పర్ స్ప్రే కూడా క్వీన్స్‌లాండ్‌లో మామూలు జనానికి నిషేధమే. ఇండియా నుంచి సూట్‌కేసులో వేసుకొచ్చేవాళ్లు గుర్తుంచుకోండి. ఆడపిల్ల పర్సులో అదైనా ఉండనివ్వాల్సిందని నా అభిప్రాయం, కానీ ఇప్పటికి చట్టం అంతే.

అమెరికాలో ఉన్న మనవాళ్లు కొందరికి ఒక సంగతి తెలిసినట్టు లేదు, ఇది చదివేవాళ్లలో వాళ్లూ ఉంటారు కాబట్టి చెప్తున్నాను. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1 వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. గ్రీన్‌కార్డ్ ఉంటే ఆ అడ్డు లేదు, మా తమ్ముడిది ఆ కేసు. సరదాగా రేంజ్‌లో అద్దె తుపాకీ పట్టుకున్నా లెక్కలోకి వస్తుంది, వీసా మీదకి తెచ్చుకోవద్దు. 2024 నవంబర్‌లో అట్లాంటాలో హైదరాబాద్ కుర్రాడొకడు పుట్టినరోజు నాడే తన వేట తుపాకీ శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడు. విద్యార్థులకి కూడా తుపాకీ దొరుకుతుందని ఆ పిల్లాడి తండ్రికి అప్పటిదాకా తెలియదు.

మేం చివరికి చేసిన పని చాలా మామూలుది. మా వీధిలో దొంగ తలుపు పగలగొట్టలేదు, తాళం వేయని స్లైడింగ్ డోర్ లాగాడు. అందుకే ముందు ఆ డోర్ పట్టాలో అడ్డంగా ఒక కర్ర, పైన అదనపు తాళం. గుమ్మానికీ, కింది కిటికీలకీ స్టీల్ మెష్ సెక్యూరిటీ స్క్రీన్లు బిగించాం. ఖర్చు మాత్రం ఒక మంచి తుపాకీకి తక్కువేం కాలేదు. వెనక పెరట్లో సెన్సార్ లైట్. కారు తాళాలు గుమ్మం పక్క గిన్నెలోంచి బెడ్‌రూమ్‌లోకి మారాయి, ఎందుకంటే ఇక్కడ చాలా దొంగతనాలు కారు కోసమే. బంగారం ఒక ప్రైవేట్ లాకర్‌కి వెళ్లింది. మిగిలిన రెండు గాజులూ తాళిబొట్టు గొలుసూ ఇన్సూరెన్స్‌లో పేరు పేరునా రాయించాం. మామూలు పాలసీలో నగలకి పరిమితి ఉంటుంది, మీది ఒకసారి తీసి చూడండి. పండగ ఫోటోల్లో నగలు కనబడేలా పెట్టి, ఇంట్లో లేమని కూడా రాసే అలవాటు నాకూ ఉండేది, మానేశాను.

దొంగ ఇంట్లో ఉంటే 000. దొంగతనం అయిపోయాక పోలీస్‌లింక్ 131 444. మా అత్తగారిలా ఇంగ్లిష్ రానివాళ్లకి 131 450 నంబర్‌లో తెలుగు దుబాసీని అడగొచ్చు. ఈ మూడూ ఫ్రిజ్ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అంటించాను.

ఆ రాత్రి తమ్ముడికి ఫోన్ చేసి ఒకటే అడిగాను. "రాత్రిపూట ఆ తుపాకీ ఎక్కడ పెడతావు రా?" మంచం కిందేనట. తూటాలు నింపే ఉంటుందిట, లేకపోతే ఉపయోగమేంటి అన్నాడు. వాడికి ఆరేళ్లదొకతి, తొమ్మిదేళ్లవాడొకడు. టెక్సాస్‌లో 17 ఏళ్లలోపు పిల్లల చేతికి అందేలా నింపిన తుపాకీ వదిలేస్తే అదీ నేరమేనని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత ఆఫీస్ కాల్ ఉందని పెట్టేశాడు. కోపం వచ్చిందనుకున్నాను.

పది రోజుల తర్వాత ఒక ఫోటో వచ్చింది. అల్మరాలో గోడకి బిగించిన చిన్న స్టీల్ సేఫ్. కింద మెసేజ్: "కోడ్ పిల్లలకి తెలియదు. అక్కా, మీ సెన్సార్ లైట్ ఏ కంపెనీదో చెప్పవా?"