ఊలు అల్లికలో గేజ్ లెక్క

రైల్వే పట్టణమైన ఖరగ్‌పూర్‌లో 'గేజ్' అనే మాట తెలియని ఇల్లు ఉండదు. బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు, మీటర్ గేజ్ 1000 మిల్లీమీటర్లు అని పిల్లలు సైతం చెప్పగలరు. ఊలు అల్లే గృహిణులకు ఇదే పేరుతో మరొక కొలత కలదు. పది సెంటీమీటర్ల వెడల్పులో ఎన్ని కుట్లు, పది సెంటీమీటర్ల ఎత్తులో ఎన్ని వరుసలు వచ్చునో తెలిపేదే అల్లికలోని గేజ్. రంగురంగుల డిజైను స్వెట్టరు మీద సరిగా అమరుటకు ఈ కొలతే ఆధారం.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుండి ఉత్తరాంధ్ర జిల్లాల వారు ఉద్యోగరీత్యా ఈ ప్రాంతానికి వచ్చి స్థిరపడ్డారు. కోస్తా తీరపు ఉక్కకు అలవాటుపడిన వారికి ఇక్కడి పుష్య మాసపు చలి కొత్త. ఇరుగుపొరుగు బెంగాలీ ఇల్లాండ్ర వద్ద 'సోజా', 'ఉల్టో' అంటూ సూదులు పట్టిన తెలుగు గృహిణులు ఎందరో. గ్రాఫ్ కాగితంపై వారు గీసుకున్న పువ్వులు, చిలుకలు, నక్షత్రాలు కొన్ని ఇళ్లలో నేటికీ భద్రంగా ఉన్నాయి. అయితే ఏ ఊలుతో, ఏ సూదితో, ఏ గేజ్‌తో అల్లారో ఆ కాగితాలపై సాధారణంగా రాసి ఉండదు. అందుచేత ఆ డిజైన్లు తరువాతి తరానికి అందీ అందకుండా పోతున్నాయి.

గళ్ళ కాగితంతో చిక్కు

గ్రాఫ్ కాగితంపై గడి చతురస్రం. అల్లికలో కుట్టు చతురస్రం కాదు. దాని ఎత్తు కన్న వెడల్పు ఎక్కువ. మధ్యరకం ఊలుతో సాదా అల్లిక అల్లినప్పుడు 10 సెంటీమీటర్లకు 22 కుట్లు, 30 వరుసలు వచ్చాయనుకొందాం. 40 గడుల వెడల్పు, 40 గడుల ఎత్తు గల గుండ్రని పువ్వును ఆ కొలతకు అల్లితే వెడల్పు 18.2 సెంటీమీటర్లు, ఎత్తు 13.3 సెంటీమీటర్లు మాత్రమే వస్తుంది. పువ్వు నొక్కినట్లు అణిగిపోతుంది.

దీనికి నివారణ సులభం. వెడల్పు గడులను వరుసల సంఖ్యతో గుణించి, కుట్ల సంఖ్యతో భాగించాలి. 40ని 30తో గుణించి 22తో భాగిస్తే 54.5 వస్తుంది. కనుక పువ్వును 55 వరుసల ఎత్తుకు సాగదీసి గీయాలి. కాగితంపై అది పొడుగ్గా, వికారంగా కనబడుతుంది. అల్లిన పిదప గుండ్రంగా కుదురుతుంది.

డిజైను సరిపడకపోతే?

చుట్టుకొలత 100 సెంటీమీటర్లు గల స్వెట్టరును గుండ్రటి సూదిపై అతుకు లేకుండా అల్లదలచితే పై గేజ్ ప్రకారం 220 కుట్లు అవసరం. డిజైను 12 కుట్లకు ఒకసారి తిరిగి వచ్చేదైతే 220లో అది నిశ్శేషంగా ఇమడదు. 18 పర్యాయాలకు 216 కుట్లు, అనగా 98.2 సెంటీమీటర్లు, 19 పర్యాయాలకు 228 కుట్లు, అనగా 103.6 సెంటీమీటర్లు. ధరించే వారి ఒంటిని బట్టి ఒకటి ఎంచుకోవాలి. లేదా రెండు పువ్వుల నడుమ ఖాళీలో ఒక కుట్టు తగ్గించి, 11 కుట్ల డిజైనుగా మార్చుకుంటే సరిగ్గా 20 పర్యాయాలు వస్తుంది. చుక్కల ముగ్గు వేసే చేతికి ఈ సర్దుబాటు కొత్త కాదు.

ముందు, వెనుక భాగాలను విడివిడిగా అల్లేవారు రెండు పక్కలా డిజైను ఒకే విధంగా ముగియుటకు ఒక కుట్టు, అతుకులోకి పోయే అంచులకు రెండు కుట్లు అదనంగా చేర్చుకోవాలి. 9 పర్యాయాలకు 108, వాటికి ఈ 3 కలిపి మొత్తం 111.

నమూనా ముక్క తప్పనిసరి

ఇంత లెక్కకూ మూలం ఒక చిన్న నమూనా ముక్క. 15 సెంటీమీటర్ల చదరపు ముక్కను అదే ఊలుతో, అదే సూదితో, అదే రంగుల డిజైనుతో అల్లాలి. రెండు రంగుల దారాలు వెనుకగా సాగుతూ పోవుటచే అల్లిక తరచు బిగుస్తుంది. సాదా అల్లికపై తీసిన కొలత దానికి చెల్లదు. ముక్కను ఉతికి, పరచి ఆరబెట్టి, అంచులు వదలి నడుమ భాగంలోనే కొలవాలి. అర కుట్టును సైతం విస్మరించరాదు. 22 కుట్లు రావలసిన చోట 20 మాత్రమే వస్తే, 220 కుట్ల స్వెట్టరు 110 సెంటీమీటర్లు అవుతుంది. కొన్ని వారాల శ్రమ, కొన్న ఊలు వృథా కావచ్చు. నమూనాకు పట్టేది ఒక్క సాయంత్రం.

పాత డిజైనుకు కొత్త ప్రాణం

తల్లులు, అమ్మమ్మలు గీసిన కాగితంతోపాటు వారు అల్లిన స్వెట్టరు కూడా ఇంట ఉంటే అదృష్టమే. దానిపై స్కేలు ఉంచి కుట్లు లెక్కిస్తే నాటి గేజ్ తెలుస్తుంది. ఉతుకులకు ఊలు ముడుచుకొని గట్టిపడి ఉంటే మాత్రం ఆ లెక్కను ఉజ్జాయింపుగానే తీసుకోవాలి. ఉదాహరణకు నాటి గేజ్ 24 కుట్లు, నేడు కొన్న ఊలు గేజ్ 20 కుట్లు అనుకొందాం. నాటి 48 కుట్ల చిలుక వెడల్పు 20 సెంటీమీటర్లు. అదే కాగితం చూసి నేడు అల్లితే 24 సెంటీమీటర్లు అవుతుంది. 30 సెంటీమీటర్ల పసిపిల్ల స్వెట్టరుపై అది ఇరుకుగా, చంకల దాకా వ్యాపిస్తుంది. 40 కుట్లకు తగ్గించి తిరిగి గీసుకుంటే పాత పరిమాణమే నిలుస్తుంది. తగ్గించేటప్పుడు ముక్కు, కన్ను వంటి చిన్న భాగాలు చెరిగిపోకుండా చూసుకోవాలి.

షెట్లాండ్ దీవుల ఫెయిర్ ఐల్ అల్లిక, నార్వేలోని సెల్బూ చేతి తొడుగులు వంటి లోకప్రసిద్ధి గాంచిన అల్లికలకు కూడా కుట్ల లెక్కే ఆధారం. మన పోచంపల్లి నేతగాండ్రు సైతం గ్రాఫ్ కాగితంపై డిజైను గీసి, నూలు పోగులను లెక్కించి, ముడివేసి, పిదపనే రంగులో ముంచుతారు.

ఈ చలికాలం సూదులు పట్టబోయే సోదరీమణులకు, ఆసక్తిగల సోదరులకు ఒక విన్నపం. స్వెట్టరు పూర్తికాగానే డిజైను కాగితం మూలన నాలుగు సంగతులు రాసి ఉంచండి: ఊలు రకం, సూది నంబరు, 10 సెంటీమీటర్లకు కుట్లు, వరుసలు. మీ మనుమరాలు ఆ కాగితం తెరిచిన నాడు ఆ పువ్వును మళ్ళీ అల్లుకోగలుగుతుంది.