చీకటికి దాచుకొన్న వెలుగు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటినది. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగినవి. కరెంటు స్తంభాలు కూలినవి. టెక్కలిలో మా ఇంటి ఇన్వర్టరు ఆ సాయంకాలానికే మూగవోయినది. తుపాను వెలిసిన పిమ్మట పగలు ఎండ కాసినా, రాత్రికి కిరోసిన్ దీపమే దిక్కయినది. వెలుగు దొరకడం వేరు, దాచుకోవడం వేరు అని ఆనాడు బోధపడినది.

మన కోస్తాకే దక్షిణపు కొసన ఉన్న శ్రీహరికోట నుండి ఎగిరే చిన్న ఉపగ్రహాలకూ ఇదే చిక్కు. భూమికి చేరువగా తిరిగే ఉపగ్రహం సుమారు గంటన్నరకొక ప్రదక్షిణం చేస్తుంది. అందులో తరచు అరగంటకు పైగా భూమి నీడలోనే గడపవలె. ఎండలో సౌరఫలకాలు విద్యుత్తును పుట్టించి లిథియం బ్యాటరీలను నింపుతవి. నీడలో ఆ నిల్వయే ఆధారం. పలాసవారు వేసవిలో జీడిపిక్కలు ఎండబెట్టి, బస్తాల కెత్తి, ఏడాది పొడుగునా పప్పు తీస్తారు గదా! ఇదీ అట్టిదే. అయితే ఇక్కడ గిడ్డంగి బహు చిన్నది. బ్యాటరీ బరువు పెరిగితే పరికరాలకు చోటు తరుగుతుంది.

ఈ ఏర్పాటు చెడితే తక్కినదంతా వృథా. 1975 ఏప్రిల్ 19న కక్ష్య చేరిన ఆర్యభట్టలో, నాలుగైదు రోజులకే విద్యుత్తు సరఫరా లోపించి శాస్త్రప్రయోగాలు నిలిచిపోయినవి. 2023 ఆగస్టులో చంద్రునిపై నడచిన ప్రజ్ఞాన్ బరువు 26 కిలోలు, దాని విద్యుత్తు 50 వాట్లు. పదునాలుగు దినాల చంద్రరాత్రికి ముందు బ్యాటరీ నిండా నింపి దానిని నిద్రపుచ్చినారు. సెప్టెంబరు 22న అచట సూర్యోదయమైనా అది మేలుకొనలేదు. నిల్వ ఉంటే చాలదు. దానిని శీతలం నుండి కాపాడే వెచ్చదనమూ ఉండవలె. అంత చిన్న బండిలో అందుకు ఏర్పాటు లేదు.

అందుకే కొత్త దారులు వెదకుతున్నారు. 2024 జనవరి 1న శ్రీహరికోట నుండి ఎగిరిన పి.ఎస్.ఎల్.వి. నాలుగవ దశలో, ఉదజని, ప్రాణవాయువులను కలిపి విద్యుత్తునిచ్చే ఇంధనఘటాన్ని పరీక్షించినారు. 350 కిలోమీటర్ల ఎత్తున అది 180 వాట్ల శక్తి నిచ్చినది, మిగిలినది నీరే.

ఆకాశపు ముచ్చట మనకెందు కనరాదు. ఉద్దానంలో ఎందరో మూత్రపిండాల రోగులు డయాలసిస్ యంత్రాన్ని నమ్ముకొని బ్రతుకుతున్నారు. తుపాను రాత్రి ఆ యంత్రం ఆగకుండా నిలపగల విద్య ఏదైనా, అది నింగిలో నేర్చినదైనా, నేలకు దిగి రావలసినదే.