వెన్నుమత్తు తరువాత రక్తస్రావం: అశ్వారావుపేట నేపథ్యంలో ఒక పరిశీలన

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణ ప్రసవాలలో 60.7 శాతం సిజేరియన్లు. వాటికి సాధారణంగా వెన్నులోనే మత్తు ఇస్తారు. అందువల్ల అశ్వారావుపేట వంటి అటవీ సరిహద్దు మండలంలోనూ 'వెన్నుసూది' ఇంటింటి మాట అయింది. ఆ సూది వల్ల జీవితాంతం నడుము నొప్పి తప్పదన్న అపోహ బలంగా ఉంది. నిజంగా భయపడవలసిన చిక్కు మాత్రం జనవ్యవహారంలో పేరైనా లేనిది: వెన్నుపాము చుట్టూ రక్తం గూడుకట్టడం.

వెన్నుపూసల నాళంలో, వెన్నుపాము పైపొర వెలుపల సన్నని సిరల అల్లిక ఉంటుంది. సూది గాని, ఎపిడ్యూరల్ గొట్టం గాని ఆ సిరను గీరినా సాధారణంగా రక్తం త్వరగానే గడ్డకట్టి ఆగిపోతుంది. ఆగకపోతే చుట్టూ ఎముక గనుక ఆ రక్తానికి చోటు ఉండదు. అది నరాలనే నొక్కుతుంది. ఇది వెన్నుమత్తులో 2,20,000 మందిలో ఒకరికంటే తక్కువమందికి, ఎపిడ్యూరల్‌లో 1,50,000 మందిలో ఒకరికంటే తక్కువమందికి సంభవిస్తుందని ప్రసిద్ధమైన అంచనా. 1994లో వెలువడిన ఒక సమీక్ష 61 కేసులను పరిశీలించగా, దాదాపు మూడింట రెండు వంతులలో రక్తం గడ్డకట్టే గుణంలో లోపం కనిపించింది. గొట్టం తీసేటప్పుడు కూడా ప్రమాదం ఉందని ఆ సమీక్షే చూపింది.

ఈ ప్రాంతానికి సంబంధించి ఆ లోపమే ముఖ్యం. మలేరియా, డెంగీ జ్వరాలలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. గర్భిణికి రక్తపోటు తీవ్రమైనా పడిపోవచ్చు. రక్తపింజర విషం రక్తాన్ని గడ్డకట్టనీయదు. క్లోపిడోగ్రెల్ వాడేవారు వెన్నుమత్తుకు 5 నుంచి 7 రోజుల ముందు, అదీ వైద్యుని సలహాతోనే, దానిని ఆపవలసి ఉంటుంది. ఆస్పిరిన్ ఒక్కటే అయితే సాధారణంగా అడ్డంకి కాదు.

ఇక్కడ భాష అడ్డుపడుతుంది. 'రక్తస్రావ రుగ్మత ఉందా?' అని అడిగితే 'లేదు' అన్నదే జవాబు. 'పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తుందా? గుండెకు బిళ్ల వేసుకుంటున్నారా? ఈ మధ్య జ్వరం వచ్చిందా?' అంటే విషయం బయటపడుతుంది. కోయ మాతృభాషగా గలవారిని ఆ భాషలోనే అడగడం మేలు.

మత్తు తరువాత కాళ్లు మొద్దుబారడం సహజం. కొన్ని గంటల్లో స్పర్శ, కదలిక తిరిగి రావాలి. వచ్చిన కదలిక మళ్లీ పోయినా, అసలు రాకపోయినా, నడుములో తీవ్రమైన నొప్పి పుట్టినా, మూత్రం బిగిసినా అది మత్తు ప్రభావమేనని సరిపెట్టుకోరాదు. వెంటనే ఎం.ఆర్.ఐ. తీయించి, రక్తపు గడ్డ ఉంటే శస్త్రచికిత్సతో తొలగించాలి. కాళ్లు చచ్చుబడిన 8 గంటలలోపు ఆ పని జరిగినవారే ఎక్కువగా కోలుకున్నారని 1994 సమీక్ష తెలిపింది. అశ్వారావుపేట నుంచి సత్తుపల్లి మీదుగా ఖమ్మం చేరే ప్రయాణం కూడా ఆ 8 గంటల లెక్కలోనిదే. తల్లి పక్కన కూర్చున్న అమ్మమ్మ 'కాలు ఇంకా కదపడం లేదమ్మా' అని నర్సుతో అన్న నిమిషమే ఆ లెక్కకు మొదలు కావచ్చు.